నరుని పుట్టుపూర్వములును మన బొగ్గుగనులును

గడచిన వర్షకాలమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు రాతిపలక నొకదానిని చేతిరుమాలులో చుట్టుకొని మా యొద్దకు తెచ్చెను. వాని తండ్రి గోదావరిఖనిలోని ఇంక్లైనులలో నొకదానియందు పనిచేయువాడు. బొగ్గుపొరకు పైకప్పుగా నుండు నల్లరాతినుండి ఊడిపడిన ముక్కను, వింతగా నున్నదని, షిఫ్టు దిగి వచ్చునపుడు కుమారునికొఱకు తెచ్చెనట. ఆ పలకమీద నాలుకవంటి యాకారముగల ఆకొకటి, నడిమి యీనెతోను, దానికి ఇరుప్రక్కల వలవలె అల్లుకొనిన సన్నని యీనెలతోను, నిన్ననో మొన్ననో రాలినదానివలె స్పష్టముగా అచ్చుపడియుండెను. బాలుడు అడిగిన ప్రశ్న యిది: “సారూ, ఈ ఆకు నోవహు జలప్రళయమునకు ముందుదా, తరువాతిదా? బైబిలు పాఠమున నొక మాట, జీవశాస్త్రమున నొక మాట చెప్పుచున్నారు. పరీక్షలో ఏది వ్రాయవలెను?”

తరగతిలో కొందఱు నవ్విరి. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో బదులు చెప్పి పంపివేయుట సులభమే. కాని ఆ బాలుని ముఖమున కనబడినది పరీక్షాభయము మాత్రమే కాదు. ఇంట ప్రార్థనచేయు తల్లి యొకవైపున, బడిలో పాఠము చెప్పు ఉపాధ్యాయుడొకవైపున నిలిచి, ఇద్దఱిలో ఎవరో ఒకరు అబద్ధమాడుచున్నారని వాడు తలంచుచుండెను. ఇట్టి సందేహముతో బడి విడిచి పోవు పిల్లలలో కొందఱు ప్రార్థనను విడుతురు, మఱికొందఱు శాస్త్రమును విడుతురు. అందుచేత ఈ సంచికలో ఆ విషయమును గూర్చి కొంత విపులముగా వ్రాయ సంకల్పించితిమి.

మొదట ఆకు సంగతి. దీనిని శాస్త్రజ్ఞులు గ్లోసోప్టెరిస్ అందురు. గ్రీకు భాషలో ‘నాలుక ఫెర్ను’ అని అర్థము. పేరు అట్లున్నను ఇది విత్తనములు గల చెట్టు. సుమారు 28 కోట్ల యేండ్ల క్రిందట, నేడు ప్రాణహితా గోదావరులు పాఱుచున్న ఈ పల్లపునేల చిత్తడియై, అట్టి చెట్లతో నిండియుండెను. రాలిన ఆకులును, కూలిన మ్రాకులును నీటి క్రింద గాలి సోకక, పూర్తిగా క్రుళ్లక నిలిచినవి. వాటిమీద ఇసుకయు మన్నును పేరుకొనగా, ఆ బరువునకును భూగర్భమునందలి వేడిమికిని బొగ్గాయెను. మీ తండ్రులు ప్రతిదినము త్రవ్వి పైకి పంపునది ఆ అడవినే. ఇదే ఆకు దక్షిణాఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణ అమెరికాలోను దొరకినది. 1912వ సంవత్సరమున దక్షిణధ్రువమునుండి మరలి వచ్చుచు మంచులో ప్రాణములు విడిచిన స్కాటు నాయకుడును అతని సహచరులును తమ బండిమీద సుమారు 16 కిలోగ్రాముల రాళ్లను కడవఱకు లాగికొని వచ్చిరి. వాటిలోను ఈ ఆకు ముద్రలుండెను. ఈ ఖండములన్నియు ఒకప్పుడు ఒకటే నేలగా నుండెననుటకు ఇది యొక సాక్ష్యము. ఆ నేలకు గోండ్వానా యని పేరు. మన పొరుగు అడవులలోని గోండుల పేరే అది. 1870వ దశకమున భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు బొగ్గుతో కూడిన రాతిపొరలకు ఆ పేరు పెట్టిరి. గోండుల మాట మఱల వచ్చును.

28 కోట్ల యేండ్లనగా మనస్సునకు అందదు. కనుక గనిలోని లెక్కతోనే చెప్పెదము. ఆ ఆకు రాలిన దినమునుండి నేటివఱకు గడచిన కాలమంతయు ఎనిమిది గంటల షిఫ్టు ఒకటి అనుకొనుడు. షిఫ్టు మొదలై మూడు గంటలు గడచిన పిమ్మట కోటసారస్ అను మహాకాయమైన రాక్షసిబల్లి మన లోయలో సంచరించెను. యామనపల్లి యొద్ద దొరకిన దాని యెముకలను కూర్చి హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలిపియున్నారు. విహారయాత్రకు పోయిన మన విద్యార్థులలో చూచినవారు కలరు. చింపాంజీల పూర్వులును మన పూర్వులును వేఱుపడినది షిఫ్టు ముగియుటకు పదునొకండు నిమిషముల ముందు. మనవంటి మనుష్యులు ఆఫ్రికా ఖండమున కనబడినది సైరను మ్రోగుటకు అర నిమిషము ముందు. వేదములు, బైబిలు, ఖురాను, గోదావరి యొడ్డున వెలసిన సమస్త దేవాలయములు, ఇవన్నియు కడపటి అరసెకనులోనివి.

కోతి మనుష్యుడాయెనని డార్విను పండితుడు చెప్పెనని లోకులు హాస్యమాడుదురు. అది పొరపాటు. నేటి కోతి నేటి మనుష్యునికి తాత కాదు, దూరపు దాయాది. ఒక తల్లి పిల్లలందఱును ఒక్క తీరున నుండరు. ఆ చిన్న భేదములలో బ్రదుకునకు అనుకూలించినవి సంతానమునకు దిగి నిలుచును, అనుకూలింపనివి క్రమముగా తఱుగును. ఈ మార్పు వేలకొలది తరములు సాగినచో ఒక జాతినుండి వేఱొక జాతి యేర్పడును. డార్విను సిద్ధాంతపు సారము ఇంతే. 1859లో ప్రకటించిన మొదటి గ్రంథమున ఆయన మనుష్యుని సంగతిని దాదాపు ఎత్తలేదు. మానవుని వంశక్రమమును గూర్చిన గ్రంథమును 1871లో గాని ప్రకటింపలేదు.

1871వ సంవత్సరము మన ప్రాంతమునకును ముఖ్యమైనదే. ఆ యేటనే భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. భద్రాచలయాత్రకు పోవుచున్నవారు పొయ్యికి పేర్చిన నల్లరాళ్లు తామే అంటుకొని మండెనని ఈ ప్రాంతమున కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను, శాస్త్రరీతిగా పరిశీలించి వ్రాసినవాడు కింగు. ‘కింగు సీము’ అను బొగ్గుపొరకు ఆ పేరు ఆయననుబట్టియే వచ్చినది. సింగరేణి చరిత్ర ఆయనతోనే మొదలగును. అంతవఱకు మన విద్యార్థులకు తెలిసినదే. తెలియని దొకటి గలదు. ఈ కింగుగారి తండ్రి పేరును విలియం కింగే. ఆయన ఐర్లండు దేశమున గాల్వే పట్టణపు కళాశాలలో భూగర్భశాస్త్ర పండితుడు. మనము గాక వేఱొక మానవజాతి యుండెనని చెప్పి, దానికి శాస్త్రీయనామము పెట్టిన మొదటివాడు ఈ తండ్రి. బొగ్గు కుమారునిది, ఎముక తండ్రిది. మన పాఠమునకు కావలసినది ఆ యెముకయే.

జర్మనీ దేశమున డుసెల్డార్ఫు నగరము దగ్గఱ నియాండర్ లోయ యని యొకటి గలదు. 17వ శతాబ్దమున ఆ నగరములో బడి నడపిన జోయాకిం నియాండరు అను కీర్తనకారుని జ్ఞాపకార్థము ఆ లోయకు ఆ పేరు వచ్చినది. సర్వశక్తిమంతుని స్తుతించుచు ఆయన రచించిన కీర్తనను క్రైస్తవలోకమంతయు నేటికిని పాడుచున్నది. ‘నియాండర్’ అనగా గ్రీకులో ‘క్రొత్త మనుష్యుడు’. 1856లో ఆ లోయయందు సున్నపురాయి త్రవ్వు కూలివారికి ఒక పుఱ్ఱె పైచిప్పయు మఱికొన్ని యెముకలును దొరకినవి. ఎలుగుబంటివని తలంచి పాఱవేయబోయినవానిని ఫూల్రాట్ అను బడిపంతులు చూచి, ఇవి పూర్వకాలపు మనుష్యునివని గుర్తించెను. (గనికూలి తెచ్చినది, పంతులు చూచినది. లోకమున ఇట్టివి రెండవసారి జరుగుచుండునని మాకును కొంచెము గర్వమాయెను.)

తండ్రి కింగు ఆ పుఱ్ఱెను పరీక్షించి, 1863లో శాస్త్రజ్ఞుల సభలో వ్యాసము చదివి, 1864లో దానిని అచ్చువేయించెను. ‘హోమో నియాండర్తాలెన్సిస్’ అను పేరు ఆయన పెట్టినదే. నొసటి యెముక వంపును, కనుబొమల గట్టును, పుఱ్ఱె యెత్తును ఆయన జాగ్రత్తగా వర్ణించెను. అది మంచి శాస్త్రమే. తరువాత ఇంకొక మెట్టు దిగెను. ఇంత పల్లముగా నున్న పుఱ్ఱెలో దేవుని గూర్చిన తలంపుగాని, నీతిని గూర్చిన తలంపుగాని పుట్టియుండదనియు, దానిలో నివసించిన కోరికలు పశువుయొక్క కోరికలను మించియుండవనియు వ్రాసెను. పోలికకొఱకు అండమాను దీవుల ప్రజల నెత్తుకొని, సృష్టికర్తను గూర్చి వారికి మిక్కిలి మసకయైన యెఱుక మాత్రమే కలదనియు, వారు తెలివిగల జంతువులకంటె కొంచెమే పైవారనియు చెప్పి, నియాండర్తాలుని వారికంటెను క్రింద నుంచెను.

ఈ చోట మనము నిలిచి ఆలోచింపవలెను. కింగు నాస్తికుడు కాడు, సృష్టికర్తను నమ్మినవాడు. మతమునకు హానిచేయవలెనని ఆయన అనుకొనలేదు. దైవజ్ఞానమును మనుష్యత్వమునకు కొలబద్దగా పట్టుకొని, ఆ కొలబద్దను ఎముకకు ఆనించి, ఎవరు లోపల, ఎవరు వెలుపల అని గీత గీసెను. చచ్చినవాని ప్రార్థనను పుఱ్ఱె వంపునుండి చదువ నెవరికి సాధ్యము? తాను ఎన్నడును కలిసి మాటలాడని అండమాను ప్రజల ఆత్మను తూచుటకు ఆయనకు త్రాసు నెవరిచ్చిరి? ఇది పరదేశపు పాతకథ యని త్రోసివేయుటకు వీలులేదు. మన దేశమున ఇట్టి గీతకు వేఱే పండితులు అక్కఱలేకపోయిరి. గుడిలోనికి రాదగనివారు, వేదము వినదగనివారు అని కొందఱిని ఊరి వెలుపల నుంచి, ఆ వెలినే వారి తక్కువతనమునకు రుజువుగా చూపిన కాలము మన తాతలు ఎఱిగినదే. మిషను పాఠశాలలలో మొదట బల్లమీద కూర్చుండిన పిల్లలలో పెక్కుమంది వారి బిడ్డలే. గోండుల పేరును రాళ్లకు పెట్టి గౌరవించిన శతాబ్దమే గోండులను అడవిజాతులని క్రింది మెట్టుమీద నిలిపినది.

ఇక ఎముకలు ఏమి చెప్పినవో చూతము. 1908 ఆగస్టులో ఫ్రాన్సు దేశమున ‘పరిశుద్ధుల గుడి’ యని అర్థమువచ్చు లా షాపెల్ ఓ సాన్ అను గ్రామము దగ్గఱ ఒక చిన్న గుహలో నియాండర్తాలుని యస్థిపంజరము దాదాపు పూర్తిగా దొరకెను. త్రవ్వినవారిలో బూయిసోనీ సోదరులు, కథోలిక గురువులు. గుంట త్రవ్వి, దేహమును ముడిచి పరుండబెట్టి పూడ్చినట్లున్నదని, అనగా ఇది సమాధి యని, వారు చెప్పిరి. చాలమంది సందేహించిరి. ఒక శతాబ్దము తరువాత అక్కడనే మరల త్రవ్వి పరిశీలించినవారు గురువుల మాటనే బలపఱచిరి. పశువువంటివాడని పండితుడు త్రోసిన జాతిలో తోడివారిని పాతిపెట్టువారుండిరని కనిపెట్టినవారు మతగురువులే యగుట మాకు విశేషముగా తోచుచున్నది.

ఇరాకు దేశపు కొండలలో షానిదార్ అను గుహ కలదు. అక్కడ 1957లో దొరకిన నియాండర్తాలుడొకడు మన బొగ్గుగనుల కుటుంబములకు దగ్గఱివాడు. వాని యెడమకన్ను ఒక పెద్ద దెబ్బచే చూపు కోల్పోయియుండును. కుడిచేయి మోచేతివఱకు లేదు. కాలు కుంటి, చెవులును సరిగా వినబడియుండవు. ఈ దెబ్బలు మానినవి. వాడు ఆ మీదట పెక్కు సంవత్సరములు బ్రదికి, ఆ కాలమునకు వృద్ధుడై చనిపోయెను. వేటాడలేనివానికి ఎవరో తిండి పెట్టిరి. కప్పు కూలి నడుము విఱిగిన తండ్రికి అన్నము కలిపి పెట్టు ఇండ్లు మన కాలనీలలో ఉన్నవి. ఆ పని యెంత కాలము, యెంత ఓర్పు కోరునో వారికి తెలియును. దేవుని పేరు వారు ఏమని పిలిచిరో ఎముక చెప్పదు. ఈ మాత్రము చెప్పినది.

2010లో జర్మనీయందలి లైప్సిగు నగరమున స్వాంతే పాబో పండితుడును ఆయన తోడివారును ఆ పాత యెముకలనుండి నియాండర్తాలుల జన్యుపదార్థమును చదివి ప్రకటించిరి. ఆయనకు 2022లో నోబెలు బహుమానము వచ్చెను. తేలిన సంగతి యేమనగా, ఆఫ్రికా వెలుపలి ప్రజలందఱిలోను నూటికి ఒకటి రెండు పాళ్లు నియాండర్తాలుల వారసత్వమే. అనగా మన పూర్వులును వారును కలిసి బిడ్డలను కనిరి. వారు సుమారు 40,000 యేండ్ల క్రిందట అంతరించిరని పుస్తకములు చెప్పును గాని, పూర్తిగా అంతరింపలేదు; ఈ పుట చదువుచున్నవారి నెత్తురులో ఉన్నారు. 2020లో పాబోగారే ఇంకొకటి చూపిరి. కోవిడు జబ్బును తీవ్రముచేయు ఒక జన్యుభాగము నియాండర్తాలులనుండి వచ్చినదే. దక్షిణాసియా ప్రజలలో సుమారు సగము మందిలో అది కలదు. తండ్రి కింగు గీచిన గీతకు వెలుపల నున్నవాడు గాల్వే కళాశాలలో ఆయన కుర్చీమీదనే కొంత కూర్చుండియుండెను.

కుమారుని న్యాయమునకు ఒక మాట. తండ్రి వ్యాసము చదివిన యేటనే, 1863 సెప్టెంబరులో, కుమారుడు మద్రాసు సమీపమున అత్తిరంపాక్కమను చోట బ్రూసు ఫుట్ అను తోటి ఉద్యోగితో కలసి ఆదిమానవుల రాతి పనిముట్లను కనుగొనెను. ఈ ఫుట్‌గారు, తెలుగు ఇంగ్లీషు నిఘంటువును కూర్చిన పెర్సివలు మిషనరీకి అల్లుడు. ఆ చోటి పనిముట్లలో ప్రాచీనమైనవి 15 లక్షల యేండ్లనాటివని 2011లో తేల్చిరి. మన దక్షిణదేశమున నరుని పూర్వచరిత్ర మొదలైనది ఒక మిషనరీ అల్లుని చేతులలోను, ఒక బొగ్గు పండితుని చేతులలోను.

మతములు దీనిని గూర్చి ఏమనుచున్నవి? ఒక్క మాటగా లేవు. బైబిలుతో మొదలిడుదము. ఆదికాండము మొదటి యధ్యాయమున జంతువులు ముందు, నరుడు తరువాత. రెండవ యధ్యాయమున నరుడు ముందు, జంతువులు తరువాత. ఈ రెంటిని ప్రక్కప్రక్కనే యుంచిన పూర్వులకు ఆ భేదము కనబడలేదని తలంచుట వారిని అవమానించుటయే. కాలక్రమము వారికి ముఖ్యము కాదని మా యూహ. క్రీస్తు పూర్వము 4004లో సృష్టి జరిగెనను లెక్క ఐర్లండు ఆర్చిబిషపు అషరు 1650లో వేసినది. దానిని తరువాత ఇంగ్లీషు బైబిలు అంచులలో అచ్చువేయుటచే చాలమంది వాక్యమే యనుకొనిరి. భూమిని, ఆకాశమును గూర్చి తెలియని మాటలు వేదవాక్యమని పలికి అన్యుల నవ్వునకు గుఱికావద్దని 5వ శతాబ్దపు తొలినాళ్లలోనే అగస్తీను భక్తుడు హెచ్చరించెను. దేహము పూర్వజీవులనుండి వచ్చినదా యని పరిశోధింపవచ్చును, ఆత్మ మాత్రము దేవుడే సృజించునని 1950లో పన్నెండవ పయస్ పోపు వ్రాసెను. పరిణామము ఊహను మించినదని 1996లో రెండవ జాన్ పాల్ అంగీకరించెను. ఆఱు దినములను అక్షరాల నమ్మువారును కలరు. అమెరికాలో 1925లో ఈ పాఠము చెప్పినందుకు స్కోప్సు అను ఉపాధ్యాయునికి 100 డాలర్ల జుల్మానా వేసిరి. మన సంఘములలోను అక్షరార్థమునే పట్టుకొనినవారి భక్తిని మేము తక్కువ చేయము. వారి లెక్కను మాత్రము అంగీకరింపలేము.

హిందూ సోదరులలో దశావతారములను చూపి డార్వినును మేము ముందే యెఱుగుదుమని చెప్పువారు పెక్కురు. మత్స్యము, కూర్మము, వరాహము, నరసింహము, వామనుడు, ఈ వరుస నిజముగా ముచ్చటైనదే. 1877లో బ్లావట్‌స్కీ దొరసానియు, 1882లో కేశవచంద్రసేనుడును ఈ పోలికను వ్రాసిరి. భారతదేశమున స్థిరపడిన హాల్డేను పండితుడును దానిని మెచ్చెను. కాని పురాణమున చేప కడుపున తాబేలు పుట్టలేదు. అవతారము పైనుండి దిగుట. డార్విను చెప్పినది క్రిందినుండి కొమ్మలు వేయుట. ‘పరిణామము’ అను మన తెలుగు మాటయే సాంఖ్యులనుండి తెచ్చికొన్నది. వారి మతమున కారణములో దాగినదే కార్యమై బయటపడును; డార్విను మతమున ముందుగా దాగిన గమ్యమేదియు లేదు. మాట ఒకటైనంతమాత్రమున భావము ఒకటి కాదు. ముసల్మానులలోను ఈ చర్చ పాతదే. లోహములనుండి మొక్కలకు, మొక్కలనుండి జంతువులకు, కోతులనుండి మనుష్యునికి మెట్లు కలవని 1377లోనే ఇబ్న్ ఖల్దూన్ వ్రాసెను. ఆదము ప్రత్యేకముగా మట్టితో సృజింపబడెనని నమ్మి డార్వినును కాదనువారు నేటికిని పెక్కుమంది. గోండుల పురాణమున లింగో అను మహాపురుషుడు గుహలో చిక్కువడిన వారి దేవతలను విడిపించి వెలుగులోనికి తెచ్చెనందురు. చీకటి రంధ్రమునుండి మనుష్యులు పైకి వచ్చుటను దినమునకు మూడుసార్లు చూచు మనకు ఈ కథ వింతగా తోచదు.

2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పదవ తరగతి పుస్తకమునుండి పరిణామపాఠమును తొలగించినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును అభ్యంతరము తెలిపిరి. మేమును తొలగింపవలదనియే అందుము. పాఠము తీసివేసినందున ప్రశ్న పోదు. రాతిముక్క రూపమున చేతిరుమాలులో చుట్టుకొని వచ్చును.

బాలునికి మేము చెప్పిన బదులు ఇది. ఆకు జలప్రళయపుది కాదు. మన గనిలో ఒకదానిమీద నొకటిగా ఎన్ని సీములు కలవో, నడుమ ఎంత ఇసుకరాయి కలదో నీ తండ్రి నడుగుము. అడవి పెరిగి, మునిగి, ఇసుక కప్పి, మఱల అడవి పెరుగుట ఒక్క వరదలో జరుగు పని కాదు. జీవశాస్త్రపు పరీక్షలో ఆకు వయస్సును వ్రాయుము. బైబిలు పరీక్షలో నరుడు దేవుని స్వరూపమందు సృజింపబడెనను మాట వచ్చినప్పుడు, అది ఏ పుఱ్ఱెకు వర్తించును, ఏ పుఱ్ఱెకు వర్తింపదని వాక్యము కొలతలు చెప్పలేదని వ్రాయుము. నేలమంటినుండి నరుడు చేయబడెనని చదువుదుము. ఆదాము పేరు హెబ్రీ భాషలో నేల యను మాటకు చుట్టమే. మంటిలో పుట్టినదానిని తక్కువచేయుటకు గనికార్మికుని కుమారునికి అధికారము లేదు.

వాడు పూర్తిగా తృప్తిపడెనని మేము చెప్పజాలము. మఱునాడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చెను. రాత్రి షిఫ్టు ముగించి, స్నానము చేసి, నిద్రపోకయే వచ్చినవాడు. కనుఱెప్పల అంచున బొగ్గు ఇంకను నల్లగా నుండెను. మా మాటలన్నియు ఓపికతో విని, పలకను చేతిలో త్రిప్పి చూచి, ఒకటే యడిగెను: “ఇన్ని కోట్ల యేండ్లు చీకట్లో ఉన్న ఆకును మొట్టమొదట చూచిన మనిషిని నేనేనా సారూ?” అవును, మీరే యని చెప్పితిమి. ఆ పలక ఇప్పుడు విజ్ఞానశాస్త్రపు గదిలోని అద్దముల బీరువాలో నున్నది. ఇంక్లైను నెంబరును, సీమును, దొరకిన తేదీని ఆయన చెప్పగా కుమారుడు తన చేతివ్రాతతో వ్రాసి క్రింద అంటించెను.